టెక్సాస్‌లో బయాలజీ రెండేళ్ల డిగ్రీ (అసోసియేట్) – నిజంగా రెండేళ్లలో అవుతుందా? చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్

బైపీసీ_బ్యాచ్

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇది ఎవర్నడగాలో తెలీక రాస్తున్నా. మేం టెక్సాస్‌లో ఉంటాం. నాది హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్య/భర్తకిచ్చే వీసా), మావారి ఐ-140 (గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయింది, నా ఈఏడీకి (ఉద్యోగం చేసుకునే పర్మిట్) అప్లై చేశాం, ఇంకా రాలేదు. ఇంటర్ బైపీసీ చేశా, తర్వాత బీఎస్సీ బీజెడ్‌సీలో చేరి రెండో ఏడాది మధ్యలో పెళ్లయి ఇక్కడికొచ్చేశా, అది అలాగే ఆగిపోయింది. బాబు ఈ ఏడాది కిండర్‌గార్టెన్‌కి వెళ్తున్నాడు కాబట్టి పగలు టైం దొరుకుతోంది. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ అసోసియేట్ ఆఫ్ సైన్స్ (ఏఎస్) చేద్దామని ఉంది, నచ్చితే తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వచ్చు అంటున్నారు.

నా డౌట్లు ఏంటంటే, వాళ్ల వెబ్‌సైట్‌లో 60 క్రెడిట్లు, నాలుగు సెమిస్టర్లు అని ఉంది, కానీ మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ మూడేళ్లు పట్టిందంటోంది, ఏది నిజం? ఇండియాలో చదివిన దానికి ఏమైనా క్రెడిట్లు ఇస్తారా? కోర్సుల లిస్టులో బయాలజీ 1406 అని ఒకటి, 1408 అని ఇంకోటి ఉన్నాయి, రెండూ నాలుగు క్రెడిట్లే, రెండిట్లోనూ సెల్ గురించే ఉంది, ఏది తీసుకోవాలి? ఇక ఆఖరిది, ఈ రెండేళ్ల డిగ్రీతో ఆగిపోతే ఏదైనా ఉద్యోగం వస్తుందా? మావారేమో క్యూఏ (సాఫ్ట్‌వేర్ టెస్టింగ్) కోర్సు చెయ్యమంటారు, మా ఆడపడుచేమో నర్సింగ్ చెయ్యమంటుంది, నాకేమో ల్యాబ్ అంటేనే ఇష్టం.

---

పిపెట్_పిల్ల

హాయ్ అండీ, నేను టెక్సాస్‌లోనే బయాలజీ ఏఎస్ చేసి తర్వాత నాలుగేళ్ల యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యా, కొంచెం పెద్దగానే రాస్తా, ఓపికగా చదువుకోండి.

ముందు 1406, 1408 సంగతి. 1406, 1407 అనేవి సైన్స్ మేజర్ల కోసం. 1408, 1409 మేజర్ కాని వాళ్ల కోసం, అంటే బిజినెస్సో ఆర్ట్సో చదివేవాళ్లు ఒక సైన్స్ కోర్సు ఉండాలి కదా అని తీసుకునేవి. టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ కోర్సు నంబర్లు ఒకటే, మొదటి అంకె ఏ ఇయర్ లెవెలో చెప్తుంది, రెండోది ఎన్ని క్రెడిట్లో. అందుకే చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మా క్లాస్‌మేట్ ఒకావిడ టైమింగ్ కుదిరిందని 1408 తీసుకుంది, ఏ గ్రేడే వచ్చింది, కానీ ట్రాన్స్‌ఫర్ అప్పుడు యూనివర్సిటీ వాళ్లు బయాలజీ మేజర్‌కి పనికిరాదన్నారు, మళ్లీ 1406 కట్టుకుని చదివింది. కాబట్టి కళ్లు మూసుకుని 1406. ఇంకొకటి, 2401, 2402 అని అనాటమీ ఫిజియాలజీ ఉంటాయి, అవి నర్సింగ్ లాంటి వాటికి వెళ్లేవాళ్లవి, బయాలజీ మేజర్‌లో చాలాచోట్ల లెక్కలోకి రావు. మీ ఆడపడుచు మాట వింటే అవి కావాలి, లేకపోతే వద్దు.

ఇప్పుడు రెండేళ్లా మూడేళ్లా అన్నది. ఇక్కడ అందరూ పొరబడేది ఎక్కడంటే, బయాలజీ డిగ్రీ కదా బయాలజీ ఎక్కువుంటుంది అనుకుంటారు. ఉండేది చూస్తే 1406, 1407, మహా అయితే ఇంకొకటి రెండు. టైం తినేది మాథ్స్, కెమిస్ట్రీ, ఎందుకంటే అవి ఒకదాని తర్వాత ఒకటే చెయ్యాలి, పక్కపక్కన పెట్టి చెయ్యడానికి లేదు. చాలా కాలేజీల్లో కాలేజ్ ఆల్జీబ్రా అయితే గానీ కెమిస్ట్రీ 1411లో చేరనివ్వరు, అదయితే 1412, అదయితే గానీ ఆర్గానిక్ 2423, ఆ తర్వాత 2425. ఆర్గానిక్ ఏఎస్‌కి అన్ని కాలేజీల్లోనూ తప్పనిసరి కాదు, కానీ అది లేకుండా ట్రాన్స్‌ఫర్ అయితే మూడో సంవత్సరంలో బయోకెమిస్ట్రీ తీసుకోలేక కూర్చుంటారు. కాబట్టి లెక్కేసుకోండి. ఆల్జీబ్రా అడ్డం లేక మొదటి సెమిస్టర్‌లోనే 1411 మొదలెడితే నాలుగు సెమిస్టర్లలో ఆర్గానిక్ రెండూ అయిపోతాయి. ఆల్జీబ్రాతో మొదలెడితే ఐదు. ఆల్జీబ్రాకి ముందు ఇంకో డెవలప్‌మెంటల్ మాథ్ (డిగ్రీ లెక్కలోకి రాని బేసిక్ మాథ్స్) పడితే ఆరు. మీ పక్కింటావిడ మూడేళ్లు అబద్ధం కాదు, నాలుగు సెమిస్టర్లన్న వెబ్‌సైటూ అబద్ధం చెప్పట్లేదు, మొదలెట్టిన మెట్టు వేరు అంతే.

అందుకే చేరే ముందు రాసే టీఎస్ఐఏ2 పరీక్ష (మీరు ఏ మెట్టు నుంచి మొదలెట్టాలో తేల్చేది) ఉంది చూశారా, అది ఊరికే ఫార్మాలిటీ అని వెళ్లకండి. బైపీసీ వాళ్లం మాథ్స్ పదో తరగతితోనే వదిలేసి ఉంటాం, ఒక నెల కూర్చుని ఫ్యాక్టరింగ్, ఎక్స్‌పోనెంట్లు, లాగ్‌లు, గ్రాఫులు చేసి వెళ్తే ఒక సెమిస్టర్ మిగులుతుంది. డబ్బులూ మిగుల్తాయి.

60లో 42 క్రెడిట్లు కోర్ అని ఉంటాయి. ఇంగ్లీష్ 1301, 1302, అమెరికన్ హిస్టరీ రెండు, గవర్నమెంట్ రెండు (అందులో 2306 టెక్సాస్ గవర్నమెంట్, నవ్వకండి, అది తప్పదు), ఆర్ట్ ఒకటి, సైకాలజీనో ఎకనామిక్సో ఒకటి, ఇలా. వీటికి ముందూ వెనకా పెద్దగా లేదు కాబట్టి ఎప్పుడైనా చెయ్యచ్చు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. చాలామంది ఏం చేస్తారంటే ఈజీగా ఉన్నాయని మొదటేడాది మొత్తం ఇవే తీసుకుంటారు, రెండో ఏడాది వచ్చేసరికి ల్యాబ్ కోర్సులు మూడేసి ఒకేసారి మీద పడతాయి. ప్రతి సెమిస్టర్‌కీ ఒకటో రెండో ల్యాబ్ కోర్సులు, పక్కన రెండు కోర్ కోర్సులు, అలా కలుపుకుంటే మనిషి బతుకుతుంది.

ఇండియా చదువు గురించి: ఇంటర్ ఇక్కడ హైస్కూల్ కిందే లెక్క, దానికి క్రెడిట్లు రావు. బీఎస్సీ మొదటేడాది మార్కుల మెమో ఉంటే మీ కాలేజీ ఒప్పుకునే ఏజెన్సీతో (డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటివి) కోర్సు వారీ ఎవాల్యుయేషన్ చేయించండి. డాక్యుమెంట్ వారీది చవక కానీ దానివల్ల క్రెడిట్లు రావు. ఆశ పెద్దగా పెట్టుకోకండి, బోటనీ జువాలజీలకి ఎలెక్టివ్ కింద ఇచ్చి ఊరుకుంటారు ఎక్కువసార్లు, ఇంగ్లీషుకి అసలివ్వరు. డబ్బు పెట్టే ముందు అడ్మిషన్స్ వాళ్లనే అడగండి, మా మెమోలు ఇలా ఉన్నాయి, దేనికి ఇచ్చే అవకాశం ఉంది అని.

---

కోడ్_కొండయ్య

ఏమీ అనుకోకండి, డిస్కరేజ్ చెయ్యాలని కాదు. రెండేళ్లు బయాలజీ చదివి మళ్లీ రెండేళ్లు బ్యాచిలర్స్ చదివి అప్పుడు వచ్చే జీతం చూస్తే మీవారు చెప్పిందే రైటేమో. క్యూఏ ఆర్నెల్లలో అయిపోతుంది.

---

బైపీసీ_బ్యాచ్

@కోడ్_కొండయ్య గారూ, ఆ ఆర్నెల్ల క్యూఏ చేసి రెండేళ్ల నుంచి ఇంటర్వ్యూలు ఇస్తున్నవాళ్లు మా కమ్యూనిటీలోనే ముగ్గురున్నారండీ 🙂 పైగా నాకు ఇష్టం లేని పని ఎంత జీతమొచ్చినా ఎన్నాళ్లు చేస్తాను చెప్పండి.

@పిపెట్_పిల్ల చాలా చాలా థాంక్స్, మాథ్స్ సంగతి అసలు ఎవ్వరూ చెప్పలేదు. ఫీజు సంగతి కూడా కొంచెం చెప్తారా, హెచ్4 వాళ్లకి అవుటాఫ్ స్టేట్ వేస్తారా? ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారాలా?

---

నైట్_షిఫ్ట్_ల్యాబ్

వీసా, ఫీజు నేను చెప్తా. హెచ్4 మీద పార్ట్ టైం, ఫుల్ టైం ఎలాగైనా చదువుకోవచ్చు, ఎఫ్1కి మారక్కర్లేదు, చదవడానికి ఈఏడీ కూడా అక్కర్లేదు. క్యాంపస్‌లో ట్యూటర్‌గానో ల్యాబ్ అసిస్టెంట్‌గానో జీతానికి చెయ్యాలంటే మాత్రం ఈఏడీ ఉండాల్సిందే. ఫీజు విషయంలో టెక్సాస్‌లో హెచ్4 వాళ్లు కూడా రెసిడెన్సీ చూపించుకోవచ్చు, ఏడాది నుంచి ఇక్కడే ఉంటున్నట్టు కాగితాలు (లీజు, మీవారి జాబ్ లెటర్, టాక్స్ రిటర్న్) పట్టుకెళ్లండి. సిస్టంలో వీసా అని కనపడగానే కొన్నిసార్లు ఇంటర్నేషనల్ అని టిక్ పెట్టేస్తారు, బిల్లు మూడింతలు వచ్చిందని భయపడి వెనక్కి రావద్దు, రెసిడెన్సీ ఫారం అడిగి నింపండి. మీ ఇల్లు ఆ కాలేజీ డిస్ట్రిక్ట్‌లోకి వస్తుందో లేదో కూడా చూసుకోండి, ఇన్-డిస్ట్రిక్ట్ రేటు ఇంకా తక్కువ. కాలేజ్ బోర్డ్ లెక్క ప్రకారం 2024-25లో దేశం మొత్తం మీద పబ్లిక్ రెండేళ్ల కాలేజీల సగటు ట్యూషన్ ఏడాదికి 4,050 డాలర్లు, అదే పబ్లిక్ నాలుగేళ్ల యూనివర్సిటీలో ఇన్-స్టేట్ అయినా 11,610. ఆర్గానిక్ ఎక్కడ చదివినా ఆర్గానిక్కే కదా. ఎఫ్ఏఎఫ్ఎస్ఏ, పెల్ గ్రాంట్ లాంటి ఫెడరల్ ప్రభుత్వ సాయం మాత్రం హెచ్4కి రాదు, గ్రీన్ కార్డ్ వచ్చాక చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం, ఉద్యోగం. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేస్తా, బ్లడ్ శాంపిల్స్, కల్చర్లు, క్రాస్‌మ్యాచింగ్, అవీ. మీరు ల్యాబ్ అంటే ఇష్టం అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఏ ల్యాబ్? ఎందుకంటే దారి అక్కడే మారిపోతుంది.

ఒట్టి బయాలజీ ఏఎస్‌తో ఆగిపోతే దానికంటూ ఒక ఉద్యోగం లేదండీ, నిజం చెప్పాలి. రీసెర్చ్ ల్యాబ్‌లో బయలాజికల్ టెక్నీషియన్‌కి బ్యాచిలర్స్ అడగడమే మామూలు, బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ వాళ్లు కూడా అదే రాస్తారు. ఏఎస్ అనేది సగం దారి, ట్రాన్స్‌ఫర్ కోసమే తయారు చేసిన డిగ్రీ. అక్కడక్కడ శాంపిల్ ప్రాసెసింగ్, వాటర్ టెస్టింగ్ ల్యాబుల్లో తీసుకుంటారు, ఫుడ్ కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లో కూడా, కానీ దాన్ని నమ్ముకుని చేరకండి.

అదే హాస్పిటల్ ల్యాబ్ అయితే అదే కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ ల్యాబొరేటరీ టెక్నీషియన్, ఎంఎల్‌టీ అని వేరే ప్రోగ్రాం ఉంటుంది. అది మామూలుగా ఏఏఎస్, అంటే అప్లైడ్ సైన్స్. నాక్ల్స్ (ల్యాబ్ ప్రోగ్రాంలకి గుర్తింపిచ్చే సంస్థ) అక్రెడిటేషన్ ఉందో లేదో చూడండి, ఉంటే అది పూర్తి చేసి ఏఎస్‌సీపీ సర్టిఫికేషన్ పరీక్ష రాసి రెండేళ్ల డిగ్రీతోనే టెక్నీషియన్‌గా చేరచ్చు. టెక్సాస్‌లో ల్యాబ్ వాళ్లకి వేరే స్టేట్ లైసెన్స్ లేదు, కాలిఫోర్నియా, న్యూయార్క్, ఫ్లోరిడాల్లో ఉంది, మీరు తర్వాత అటు మారితే అది గుర్తుపెట్టుకోండి. చిక్కేంటంటే ఏఏఎస్‌లో ల్యాబ్ కోర్సులు చాలావరకు యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావు. ఇంకో చిక్కు, ఆఖర్లో హాస్పిటల్‌లో క్లినికల్ రొటేషన్ ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి, బాబుని స్కూల్లో ఎవరు దింపుతారో ఇప్పుడే ఆలోచించుకోండి. సీట్లూ తక్కువే, విడిగా అప్లై చెయ్యాలి.

నన్నడిగితే మొదటి సెమిస్టర్ రెండిటికీ పనికొచ్చేలా వేసుకోండి: ఆల్జీబ్రా లేదా కెమిస్ట్రీ, ఇంగ్లీష్, 1406. ఆ లోపు ఎంఎల్‌టీ ప్రోగ్రాం డైరెక్టర్‌కి మెయిల్ పెట్టి ఒకసారి ల్యాబ్ చూపించమని అడగండి, చాలామంది చూపిస్తారు. అక్కడి వాసన నచ్చిందో లేదో మీకే తెలిసిపోతుంది.

---

వరంగల్_టు_విచిటా

మధ్యల వస్తున్న, ఏమనుకోకుండ్రి. మా బాబాయ్ కొడుకు ఇంటర్ అయిపోయింది, అమెరికా వచ్చి ఈ రెండేళ్ల బయాలజీ చేస్త అంటుండు, ఫీజు తక్కువ అని ఎవరో కన్సల్టెన్సీ ఆయన చెప్పిండట. రెండేళ్లు కాంగనే మూడేళ్ల ఓపీటీ (చదువు అయినంక పని చేసుకునే పర్మిషన్) వస్తది అని కూడా చెప్పిండట. నిజమేనా?

---

నైట్_షిఫ్ట్_ల్యాబ్

మూడేళ్లు అబద్ధం బ్రదర్. అసోసియేట్ తర్వాత ఎఫ్1కి 12 నెలల ఓపీటీ ఉంటుంది, అంతే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మాథ్స్) ఎక్స్‌టెన్షన్ 24 నెలలు రావాలంటే బ్యాచిలర్స్ గానీ ఆ పైన గానీ ఉండాలి, బయాలజీ స్టెమ్ అయినా అసోసియేట్ లెవెల్‌కి ఇవ్వరు. ఫీజు తక్కువ అన్నది కూడా చూసుకోమనండి, ఎఫ్1 వాడికి ఇంటర్నేషనల్ రేటు పడుతుంది, ఇన్-డిస్ట్రిక్ట్ రేటు కాదు. సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు తప్పకుండా చెయ్యాలి, అందులో ఆన్‌లైన్‌ది ఒక్క కోర్సే లెక్కకొస్తుంది. నాలుగేళ్ల డిగ్రీకి మొదటి సగంగా చేస్తానంటే మంచి దారే, చాలామంది చేస్తున్నారు. రెండేళ్లకే ఉద్యోగం అంటే మాత్రం ఆ కన్సల్టెన్సీ ఆయన్ని కాగితం మీద రాసిమ్మనండి, అప్పుడు తెలుస్తుంది.

---

వరంగల్_టు_విచిటా

సమజైంది అన్నా. ఇప్పుడే ఫోన్ చేసి చెప్త.

---

బే_ఏరియా_బాపు

కాలిఫోర్నియాలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఇక్కడ చాలా కోర్సులకి నంబర్ల గోల కాలేజీకొకటి. అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో మీ కమ్యూనిటీ కాలేజీ, మీకు కావాల్సిన యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) లేదా సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్, మేజర్ కొడితే ఏ కోర్సు దేనికి సమానమో పక్కపక్కనే చూపిస్తుంది, అది చూడకుండా ఒక్క క్లాసు కూడా తీసుకోవద్దు. యూసీలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఈ ఆరిటికి ట్యాగ్ అని ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ స్కీం ఉంది, సెప్టెంబర్‌లోనే అప్లై చెయ్యాలి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలకి లేదు. గ్యారంటీ అన్నారు కదా అని జీపీఏ వదిలెయ్యకండి, బయాలజీకి చాలాచోట్ల వేరే షరతులుంటాయి.

---

బైపీసీ_బ్యాచ్

నైట్ షిఫ్ట్ గారూ, ఏ ల్యాబ్ అని మీరడిగిన తర్వాత రెండ్రోజులు అదే ఆలోచించా. ఇంటర్‌లో కప్ప డిసెక్షన్, ఉల్లిపాయ వేరు స్లైడు, అదే నాకు తెలిసిన ల్యాబ్, హాస్పిటల్ ల్యాబ్ ఎప్పుడూ చూడలేదు. ఎంఎల్‌టీ డైరెక్టర్‌కి మెయిల్ పెట్టా, వచ్చే వారం రమ్మన్నారు.

పిపెట్ పిల్ల గారూ ఇంకో రెండు అడుగుతా, విసుక్కోకండి. 1406 ఆన్‌లైన్ సెక్షన్ ఒకటి కనపడుతోంది, ల్యాబ్ కిట్ ఇంటికి పంపిస్తారట, అది తీసుకోవచ్చా? ఇంకా, నేను బట్టీ పట్టి చదివే టైపు, బోటనీలో డయాగ్రం వేసి భాగాలు గుర్తిస్తే మార్కులొచ్చేవి. ఇక్కడ ఎలా ఉంటుంది చదువు? సీఎల్ఈపీ అని పరీక్ష రాస్తే బయాలజీ కోర్సే ఎగ్గొట్టచ్చు అని కూడా ఎక్కడో చదివా.

---

పిపెట్_పిల్ల

విసుగేం లేదండీ. సీఎల్ఈపీ బయాలజీకి వద్దు, దానికి ల్యాబ్ ఉండదు కాబట్టి మేజర్‌కి చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. హిస్టరీ లాంటి కోర్ కోర్సులకి అయితే భేషుగ్గా పనికొస్తుంది, మోడర్న్ స్టేట్స్ అని ఒక సైట్‌లో ఫ్రీగా చదువుకుంటే పరీక్ష ఫీజు వోచర్ కూడా ఇస్తారు. మీ కాలేజీ, మీరు వెళ్లాలనుకునే యూనివర్సిటీ రెండూ ఒప్పుకుంటాయో లేదో చూసుకుని రాయండి, ఒక్క కాలేజీని అడిగితే చాలదు.

ఆన్‌లైన్ ల్యాబ్ నా ఉద్దేశంలో వద్దు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో కొన్నిచోట్ల తెలియదు, కొన్నిచోట్ల అడుగుతారు, ముఖ్యంగా తర్వాత ఫార్మసీ, డెంటల్, మెడికల్ వైపు వెళ్లేవాళ్లని. అది పక్కన పెట్టండి, చేతులు అలవాటయ్యేది అక్కడే. మైక్రోపిపెట్‌కి మొదటి స్టాప్, రెండో స్టాప్ అని రెండు ఆగే చోట్లుంటాయి, రెండోదాకా నొక్కి లిక్విడ్ పీలిస్తే కొలత తప్పు, ఇది వీడియో చూస్తే రాదు, పది సార్లు చేస్తే వస్తుంది. జెల్ ఎలెక్ట్రోఫోరెసిస్‌లో ఆ చిన్న గుంటల్లో డీఎన్ఏ వేసేటప్పుడు చెయ్యి వణికి గుంట చిరిగిపోతే ఆ లేన్ పోయినట్టే. డీఎన్ఏకి నెగెటివ్ చార్జి కాబట్టి అది పాజిటివ్ వైపు పరిగెడుతుంది, చిన్న ముక్కలు ముందు, పెద్దవి వెనక. ఇది మీరు ఇంటర్‌లో చదివే ఉంటారు, కానీ వైర్లు తిరగేసి పెట్టిన గ్రూప్ వాళ్ల డీఎన్ఏ జెల్ వెనక నుంచి బయటికి వెళ్లిపోవడం చూశాక జన్మలో మర్చిపోరు.

చదువు ఎలా ఉంటుందంటే, సబ్జెక్టు మీకు సగం పైన తెలిసిందే. సెల్, ఎంజైములు, కిరణజన్య సంయోగక్రియ, మైటోసిస్, మెండెల్, డీఎన్ఏ, 1406 అంతా ఇదే. 1407లో ఎవల్యూషన్, జీవుల వర్గాలు, మొక్కలు, జంతువులు, ఎకాలజీ. బైపీసీ వాళ్లకి ఇది పెద్ద ప్లస్, మొదటి నెల హాయిగా ఉంటుంది. మొదటి పరీక్ష దగ్గర దెబ్బ పడుతుంది. ఎందుకంటే క్రెబ్స్ సైకిల్ రాయమని అడగరు. ఒక విషం ఎలెక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ చైన్‌ని ఫలానా చోట ఆపింది, ఆక్సిజన్ వాడకం ఏమవుతుంది, ఏటీపీ ఏమవుతుంది, గ్లైకాలసిస్ ఆగుతుందా నడుస్తుందా, నాలుగు ఆప్షన్లు ఇచ్చి అడుగుతారు. లేకపోతే ఒక గ్రాఫ్ ఇచ్చి ఎంజైము 40 డిగ్రీల తర్వాత ఎందుకు పడిపోయిందంటారు. సైకిల్ మొత్తం బట్టీ పట్టినా దేని తర్వాత ఏది, ఎందుకు అన్నది తెలియకపోతే ఆప్షన్లన్నీ కరెక్టుగానే కనపడతాయి. అందుకని చదివేటప్పుడు ప్రతి స్టెప్పు దగ్గరా "ఇది ఆగిపోతే?" అని అడుక్కోండి, అదే ప్రాక్టీసు. మీ డయాగ్రం అలవాటు వదలక్కర్లేదు, పుస్తకం మూసేసి తెల్ల కాగితం మీద మొత్తం గీసి ఎక్కడ ఆగిపోయారో చూసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు.

ల్యాబ్ రికార్డు కూడా మనలా ప్రింటెడ్ బొమ్మ చూసి గీసి రంగులెయ్యడం కాదు. రిపోర్టు రాయాలి: ఏం అవుతుందనుకున్నారు, ఏమైంది, తేడా ఎందుకొచ్చింది. మొక్కజొన్న గింజల రంగు లెక్కపెట్టి 3:1 వచ్చిందా లేదా అని కై-స్క్వేర్ (వచ్చిన లెక్క అనుకున్నదానికి సరిపోతుందా అని చూసే స్టాటిస్టిక్స్ పరీక్ష) చేయిస్తారు, అందుకే స్టాటిస్టిక్స్ 1342 తీసుకుంటే వృథా పోదు, కాకపోతే మీరు వెళ్లే యూనివర్సిటీ కాల్క్యులస్ 2413 అడుగుతుందేమో ముందు చూడండి, చాలా బయాలజీ బీఎస్‌లకి అది కావాలి.

డ్రాప్ గురించి ఒక మాట, కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. టెక్సాస్ పబ్లిక్ కాలేజీల్లో బ్యాచిలర్స్ అయ్యేదాకా మొత్తం కలిపి ఆరు కోర్సుల కంటే ఎక్కువ డ్రాప్ చెయ్యనివ్వరు. సెన్సస్ డేట్ లోపల మానేస్తే అది ఈ లెక్కలోకి రాదు, ఫాల్, స్ప్రింగ్‌లో అది పన్నెండో క్లాస్ డే. కాబట్టి కెమిస్ట్రీ, 1406, ఇంగ్లీష్ మూడూ తీసుకుని మొదటి రెండు వారాలు చూడండి, బాబుతో కుదరట్లేదనిపిస్తే అప్పుడే ఒకటి తగ్గించుకోండి, నవంబర్ దాకా లాగొద్దు. నాలుగు క్రెడిట్ల ల్యాబ్ కోర్సంటే వారానికి మూడు గంటల క్లాసు, మూడు గంటల ల్యాబ్, ఇంట్లో చదివేది కాక. మీవారితో ఇది కాగితం మీద టైంటేబుల్ గీసి ముందే మాట్లాడుకోండి.

పుస్తకాలకి డబ్బు తగలెయ్యకండి, రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్‌లో బయాలజీ, కెమిస్ట్రీ, కాలేజ్ ఆల్జీబ్రా అన్నీ ఫ్రీ. మీ ప్రొఫెసర్ వేరే పుస్తకం చెప్పినా మొదటి వారం ఆగి, హోంవర్క్ యాక్సెస్ కోడ్ కొనక తప్పదా అని అడిగి అప్పుడు కొనండి.

---

బైపీసీ_బ్యాచ్

అప్‌డేట్: టీఎస్ఐఏ2 డేట్ తీసుకున్నా, వచ్చే నెల. లాగ్‌లు మొదలెట్టా, మావారే చెప్తున్నారు రాత్రిపూట (ఎంపీసీ ఆయన, ఇన్నాళ్లకి పనికొచ్చారు 😀). ఎంఎల్‌టీ ల్యాబ్ చూసొచ్చాక రాస్తా. ఆ లోపు ఎవరైనా ఎంఎల్‌టీ చేసి తర్వాత బ్యాచిలర్స్ పూర్తి చేసి ఎంఎల్ఎస్ (మెడికల్ ల్యాబొరేటరీ సైంటిస్ట్) అయినవాళ్లుంటే ఎన్ని క్రెడిట్లు పోయాయో చెప్పగలరా?